చిన్న ఏనుగు మోసేది అంగుళంపావు ఇనుమే

పాత ఇనుముకు ఉల్లిపాయలు తూచి ఇచ్చే రోజులు పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. విరిగిన గడ్డపలుగు, అరిగిపోయిన నాగలి కర్రు, చిల్లుపడ్డ సత్తు గిన్నె పట్టుకుని పిల్లలు పరిగెత్తుకెళ్తే, తక్కెడలో ఒక పక్క ఇనుము, రెండో పక్క ఉల్లిపాయలు. ఇప్పుడు ఆ పని ఎక్కువగా మైకు కట్టిన ట్రాలీ ఆటో చేస్తోంది. ‘పాత ఇనుప సామాన్లు కొంటాం, పాడైపోయిన మోటార్లు, కూలర్లు, ఫ్రిజ్‌లు, బ్యాటరీలు కొంటాం’ అంటూ రికార్డు చేసిన గొంతు సరిగ్గా మధ్యాహ్నం కునుకు పట్టే వేళకే వీధిలోకి వస్తుంది. చూసేవాళ్లకు ఇది చిల్లర కొనుగోలు వ్యాపారం. లెక్క రాసుకుని చూస్తే మాత్రం ఇది సగానికి పైగా రవాణా వ్యాపారం. కొనేదీ ఇనుమే, అమ్మేదీ ఇనుమే. మధ్యలో ఏమైనా మిగిలిందా, చేతి డబ్బులే పోయాయా అన్నది బండి తేలుస్తుంది.

బండి దగ్గర్నుంచే మొదలుపెడదాం. 2005లో మార్కెట్లోకి వచ్చిన టాటా ఏస్‌ని దేశమంతా ‘ఛోటా హాథీ’, అంటే ‘చిన్న ఏనుగు’ అని పిలుచుకుంది. మామూలు డీజిల్ ఏస్ మోయాల్సిన బరువు సుమారు 750 కిలోలు. దాని తొట్టి ఏడడుగుల పొడవు, అయిదడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు. అంటే 750 కిలోల గట్టి ఇనుము ఆక్రమించే చోటు 95 లీటర్లు. ఇళ్లకు వేసే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు అయిదు పక్కపక్కన పెడితే పట్టే చోటులో ఇది సరిపోయి ఇంకా కొంచెం జాగా మిగులుతుంది. ఆ ఇనుమునే తొట్టిలో బల్లపరుపుగా పరిచారనుకుంటే మందం అంగుళంపావు. బండి దాదాపు ఖాళీగా కనిపిస్తుంది, కింద కమాను పట్టీలు మాత్రం వంగిపోయి ఉంటాయి.

ఇప్పుడు అదే తొట్టిలో పాత షెడ్డు మీంచి దించిన రేకులు, కూలర్ డబ్బాలు, బీరువా తలుపులు, సైకిల్ మడ్‌గార్డులు వేయండి. తాళ్లతో బిగించి, మనిషెత్తున పేర్చి, పైన ఒక మనిషి కూర్చున్నా మూడు వందల కిలోలు దాటడం కష్టం. రోడ్డు మీద చూసినవాళ్లు ‘అబ్బో, ఎంత లోడో’ అనుకుంటారు. కాటా ఎక్కాక తెలుస్తుంది కొండంత గాలిని మోసుకొచ్చామని. అనుభవం ఉన్న మనిషి ఇంటి ముందు సామాను చూడగానే ధర అడగడు. ముందు కాలితో తన్ని చూస్తాడు. ‘ఖంగు’మంటే ఒక బేరం, ‘లొడలొడ’మంటే ఇంకో బేరం.

ఒక ఊహా లెక్క వేసుకుంటే సంగతి తేటపడుతుంది. ఇందులో ధరలు ఊరూరికీ, వారం వారానికీ మారేవే, లెక్క తీరు మాత్రం మారదు. ఊళ్లో కిలో 24 రూపాయలకు కొన్న గట్టి ఇనుము 45 కిలోమీటర్ల దూరంలోని పట్నం గోడౌన్‌లో 30కి పోతుందనుకుందాం. 700 కిలోలు తెస్తే తేడా 4,200. రానూపోనూ, ఊళ్లలో తిరుగుడూ కలిపి 120 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే డీజిలు 8 లీటర్లు, లీటరు వంద చొప్పున 800. తోడు వచ్చిన మనిషికి 700. బండి వాయిదాకి రోజువారీ పక్కన పెట్టాల్సింది 500. కాటాకి, టీ టిఫిన్లకి 100. గోడౌన్‌లో మట్టీ తుప్పూ ఉందని నూటికి రెండు కిలోల తరుగు తీస్తే పోయేది 14 కిలోలు, అంటే 420. అన్నీ పోగా 1,680 మిగిలింది. ఫర్వాలేదు, పొద్దుగూకేదాకా చేసిన చాకిరీకి కూలీ గిట్టింది.

అదే బండిలో 300 కిలోల రేకు వచ్చిందనుకోండి. రేకుకి తేడా కిలోకి నాలుగే దొరికితే వచ్చేది 1,200. ఖర్చు మాత్రం మొదటి బండికి ఎంతో దీనికీ అంతే, 2,100. తరుగు తీయకముందే 900 నష్టం. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు ఆరు నెలల్లో బండి అమ్ముకోవడానికి కారణం చాలాసార్లు ఇదే. రోజూ బండి నిండిందని సంతోషపడతారు, రోజూ చేతికి డబ్బు ముడుతుంది కూడా. కానీ అందులో బండి వాయిదా సొమ్ము, టైర్ల అరుగుదల, సొంత కూలీ కలిసిపోయి ఉన్నాయన్నది టైర్లు మార్చాల్సి వచ్చిన రోజున గానీ కంటపడదు. రొక్కం చేతిలో ఆడుతుంటే లాభం వస్తున్నట్టే ఉంటుంది.

మరి ట్రాక్టరుతో తోలితే? కృష్ణా, గుంటూరు వైపు ట్రక్కు అంటారు, తెలంగాణలో ట్రాలీ అంటారు. పేరేదైనా ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. నాలుగు టన్నులు వేసుకుని గంటకు ఇరవై, పాతిక కిలోమీటర్ల వేగంతో పోతుంది. రానూపోనూ 90 కిలోమీటర్లకు ఇరవై లీటర్ల డీజిలు తాగిందనుకున్నా టన్నుకు పడేది 500 రూపాయలు. ఏస్‌లో టన్నుకు డీజిలు ఖర్చే 1,100 దాటింది. కాబట్టి టన్నుల లెక్కన ట్రాక్టరే చవక. అయినా ఊళ్లు తిరిగేవాళ్లు చిన్న బండ్లే ఎందుకు వాడుతున్నారు? నాలుగు టన్నులు పోగవడానికి వారం, పది రోజులు పడుతుంది. 24 చొప్పున కొన్న నాలుగు టన్నుల మీద 96,000 రూపాయలు ఇరుక్కుపోతాయి. అన్ని రోజులు అంత సొమ్ము దొడ్లో కుప్పపోసి కూర్చోగలిగినవాడు వీధివీధి తిరిగి ఇనుము కొనే పనికి రాడు. రోజు బండి రోజు దించి, ఆ డబ్బుతోనే మర్నాడు కొనడం తప్పనిసరి. ఎక్కువ దూరాలు, తక్కువ బరువులు, ఖరీదైన డీజిలు, ఇవన్నీ చేతిలో పెట్టుబడి లేనందుకు కట్టే వడ్డీ లాంటివి.

ఈ సందులోకే గోడౌన్ యజమాని అడ్వాన్సు ప్రవేశిస్తుంది. ఇరవై వేలో ముప్ఫై వేలో ముందు ఇస్తాడు, వడ్డీ అడగడు. సరుకు మాత్రం తన దగ్గరే దించాలి. పక్క గోడౌన్‌లో కిలోకి రూపాయి ఎక్కువ ఉందని తెలిసినా బండి అటు తిరగదు. రోజుకు 700 కిలోల మీద రూపాయి చొప్పున ఇరవై రోజులకు 14,000. ముప్ఫై వేల మీద నెలకు 14,000 వడ్డీ కట్టే మనిషి ‘ఆయన మంచోడు, వడ్డీ లేకుండా ఇచ్చాడు’ అని చెప్పుకుంటాడు. అలాగని గోడౌన్‌ వాళ్లంతా దోపిడీదారులని తీర్మానించడం కూడా సరికాదు. ఆ ముప్ఫై వేలు తీసుకుని బండితో సహా మాయమైన కథలు ప్రతి గోడౌన్‌లోనూ నాలుగైదు ఉంటాయి.

గోడౌన్ నుంచి ఇనుము ఎక్కడికి పోతుంది? విశాఖ ఉక్కులాంటి పెద్ద కర్మాగారాలు ఇనుప ఖనిజాన్నీ కోకింగ్ బొగ్గునీ బ్లాస్ట్ ఫర్నేసుల్లో వేసి ఉక్కు తీస్తాయి. అక్కడ తుక్కుది చిన్న పాత్ర. మన పాత ఇనుముకు అసలైన గిరాకీ ఇండక్షన్ ఫర్నేసుల దగ్గర ఉంటుంది. హైదరాబాద్ దక్షిణాన కొత్తూరు, షాద్‌నగర్ వైపు ఇలాంటివి ఉన్నాయి. కరెంటు ప్రవహించే చుట్ట మధ్యలో ఇనుము పెడితే దానిలోనే వేడి పుట్టి కరిగిపోతుంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. అలా కరిగించి పోసిన దిమ్మెలే రోలింగ్ మిల్లుకెళ్లి ఇంటి స్లాబులో వేసే కడ్డీలవుతాయి. 2019 నవంబరులో కేంద్రం ప్రకటించిన ఉక్కు తుక్కు విధానం ప్రకారం ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయి.

ఇండక్షన్ ఫర్నేసుకు ఒక బలహీనత ఉంది. కరిగిస్తుందే తప్ప శుద్ధి చేయడం దాని వల్ల పెద్దగా కాదు. లోపల ఏది వేస్తే అదే బయటికొస్తుంది. అందులోనూ రాగి కలిస్తే మరీ చిక్కు. ఒకసారి ఉక్కులో కలిసిన రాగిని మళ్లీ వేరు చేయలేరు, ఆ ఉక్కుని ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు పైన పగుళ్లు వస్తాయి. తీగ చుట్టతో సహా మోటారుని ఇనుము కింద వేస్తే ఫర్నేసు వాళ్లు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. మూత బిగించిన గొట్టాలు, డబ్బాలంటే ఇంకా భయం. లోపల నీటి చుక్క ఉన్నా కరిగిన ఉక్కులో పడగానే ఆవిరై పేలుతుంది. తుప్పు సంగతి సరేసరి, పొడి తుప్పు వంద కిలోలుంటే అందులో ఇనుము 70 కిలోలే, మిగతాదంతా ఆక్సిజన్. అందుకే ఫర్నేసు మందాన్ని బట్టి ధర కడుతుంది. ఆరు మిల్లీమీటర్లు దాటిన పట్టీలు, యాంగ్యులర్లు, దూలాలు ఒక రకం. మూడు నుంచి ఆరు మధ్యవి ఇంకో రకం. పల్చని రేకు అన్నిటికన్నా కింద, అదీ ప్రెస్సులో నొక్కి దిండ్లలా కడితేనే. గోడౌన్‌లో తరుగు పేరుతో జరిగే గొడవల్లో సగం ఇక్కడ పుట్టినవే. ఫర్నేసు లారీకి తీసిన కోతని గోడౌన్ యజమాని ఏస్‌ మీద వేస్తాడు, ఏస్‌ మనిషి ఇంటావిడ తూకం మీద వేస్తాడు.

ఈ గొలుసులో కిందనున్న మనిషికి నాలుగు డబ్బులు కనిపించే చోటు ఒకటుంది. అదేమిటో ఒక కాలిపోయిన పొలం మోటారుని విప్పితే తెలుస్తుంది. ఎండాకాలం చివర్లో వోల్టేజీ పడిపోయి కాలిన మోటార్లు రీవైండింగ్ షాపుల ముందు వరసగా పడి ఉంటాయి. ముందు రెండు వైపుల మూతలు విప్పుతారు. అది బీడు, అంటే పోత ఇనుము. సుత్తితో కొడితే వంగదు, పెళుసుగా విరుగుతుంది. దాన్ని ఫౌండ్రీలు విడిగా కొంటాయి కాబట్టి ఆ కుప్ప వేరు. బేరింగులు బాగుంటే షాపులోనే అమ్ముడుపోతాయి. మధ్యలో తిరిగే రోటర్‌లో అల్యూమినియం కడ్డీలు ఇనుప పొరల్లో పోతపోసి ఉంటాయి. తీయడానికి పట్టే శ్రమకు అది గిట్టదు, ఇనుములోనే వెళ్లిపోతుంది. మిగిలింది బయటి స్టేటర్, దాని గాళ్లలో చుట్టిన తీగ. ఒక వైపు తీగల కొసల్ని ఉలితో అంచుకు సమంగా నరికేస్తారు. రెండో వైపు నుంచి కొక్కెం వేసి లాగితే గాడికొక కట్ట చొప్పున, కాలిన వార్నిష్ వాసనతో, నల్లగా కమిలిన కాగితం పీలికలతో సహా ఊడివస్తాయి. పద్ధతి తెలిసిన మనిషికి గంట పని. మొత్తం బరువులో రాగి పదో వంతుకు అటూఇటూ ఉంటుంది, ఎక్కువసార్లు తక్కువ వైపే. అయినా ఆ పదో వంతు ధర మిగతా తొమ్మిది వంతుల ఇనుము ధరను మించిపోతుంది. కిలో రాగి మీద 80 రూపాయలు మిగిలితే పది కిలోలకు 800. పై లెక్క ప్రకారం అంత మిగలాలంటే 130 కిలోలకు పైగా ఇనుము మోయాలి. రాగి మాత్రం ఒక గోనెసంచిలో పడి ఉంటుంది, డీజిలు అదనంగా ఒక్క చుక్క తాగదు.

అయితే అక్కడా మోసపోయే వీలుంది. చాలా ఫ్యాన్లు, చిన్న మోటార్లు ఇప్పుడు అల్యూమినియం తీగతో వస్తున్నాయి. పైన పూసిన వార్నిష్ రంగు చూస్తే అచ్చం రాగే. పైన పటారం, లోన లొటారం. బ్లేడుతో గీకి తెల్లగా మెరిసిందా, ఎర్రగా మెరిసిందా చూసుకోకుండా రాగి ధర కట్టినవాడు అక్కడే మునిగాడు. స్టీలు గిన్నెలకు అయస్కాంతం పరీక్ష పెడతారు కానీ అదీ పూర్తిగా నమ్మదగింది కాదు. నికెల్ కలిసిన మంచి స్టీలుకు అయస్కాంతం అంటుకోదు, నికెల్ లేని చవక రకాలకు అంటుకుంటుంది. అవి కూడా స్టెయిన్‌లెస్సే కాబట్టి వాటిని మామూలు ఇనుము కింద అమ్ముకుంటే నష్టం. ఆకురాయి, అయస్కాంతం, బ్లేడు, ఈ మూడూ జేబులో లేని మనిషి కాటా యజమాని చెప్పిందే వేదం అనుకోవాలి.

తీగ మీది ప్లాస్టిక్ ఒలవడానికి బద్ధకించి ఊరి చివర కుప్పపోసి తగలబెట్టేవాళ్లున్నారు. ఆ పీవీసీ ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు లాంటి విషాలు గాల్లోకి లేస్తాయి, ఆ పొగ పీల్చేది ముందుగా తగలబెట్టినవాడే. ఆరోగ్యం మాట వినని వాళ్లకు డబ్బు మాట చెప్పాలి. కాల్చిన రాగి నల్లబడి, పెళుసెక్కి, ఒక మెట్టు కింది ధరకు పోతుంది. ఒలిచిన మెరుపు రాగికి, కాల్చిన రాగికి మధ్య తేడా చేత్తో ఒలిచిన కూలీ కన్నా ఎక్కువే ఉంటుంది. సన్నటి తీగల విషయంలో ఈ వాదన అంతగా నిలవదనేది కూడా ఒప్పుకోవాలి. వాటిని చేత్తో ఒలిచేందుకు ఎవరికీ ఓపిక ఉండదు. బ్యాటరీలది ఇంకో బాధ. బరువులో సగానికి పైగా సీసమే గనక మంచి ధర వస్తుంది, కానీ బరువు తగ్గించుకోవడానికి యాసిడ్‌ని కాలవలో పారబోసి తెస్తారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీ వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. కాలవలో పోసిన యాసిడ్‌కి బాధ్యులెవరో ఇంకా కాలవే చెప్పాలి.

తెలియని సామాను కొనడం ఎంత ప్రమాదమో 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారు చూపించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి మూలనపడ్డ గామా కిరణాల పరికరాన్ని ఆ ఫిబ్రవరిలో వేలం వేశారు. కొన్నవాళ్లు మామూలు తుక్కులాగే దాన్ని కోశారు. లోపలున్నది రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60. రేడియేషన్‌తో పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. విశ్వవిద్యాలయం వాళ్లకే గుర్తులేని పదార్థాన్ని గ్యాస్ కట్టర్ పట్టుకున్న కూలీ గుర్తుపట్టాలని ఆశించడం ఏం న్యాయం? మన ఊళ్లలో ఇంత పెద్దవి రాకపోవచ్చు. మూత బిగించిన రసాయన డ్రమ్ములు, గ్యాస్ మిగిలిన సిలిండర్లు, మండే వాయువు నింపిన కొత్త రకం ఫ్రిజ్ కంప్రెసర్లు రోజూ వస్తూనే ఉంటాయి.

మళ్లీ ట్రక్కు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇనుము మోయడం ధాన్యం బస్తాలు మోయడం లాంటిది కాదు. ధాన్యం తొట్టి నిండా సమంగా సర్దుకుంటుంది. ఇనుము ఎక్కడ పడేస్తే అక్కడే బరువు. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బరువు ముందుకు పడితే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి పడితే నొగ పైకి లేచి కాడి మెడలను వదిలేస్తుంది. రెండు చక్రాల ట్రక్కులోనూ అంతే. ఇరుసుకు వెనగ్గా ఇంజను దిమ్మలు వేస్తే హుక్కు దగ్గర ట్రక్కు ముక్కు పైకి తన్నుతుంది, ట్రాక్టరు పెద్ద చక్రాలకు నేల పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు వేస్తే చిన్న చక్రాలు లేచి స్టీరింగు ఎటు తిప్పినా తిరగదు. బరువంతా ఇరుసు మీద, దానికి కాస్త ముందుగా పడాలి. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులుండవు. చెరువు కట్ట దిగేటప్పుడు ట్రాక్టరు ఆగినా వెనకున్న నాలుగు టన్నులు ఆగవు, పక్కకి తోసి మడతేస్తాయి. ఇలా బోల్తాపడ్డప్పుడు ఇనుము కన్నా ముందు ఇనుము మీద కూర్చున్న మనిషి పడతాడు.

గొట్టాలు, కడ్డీలు తొట్టి దాటి వెనక్కి పొడుచుకొచ్చేలా తోలడం ఒకప్పుడు మీటరు వరకు చెల్లేది. 2014లో ఆ వెసులుబాటు తీసేశారు. 2019లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల చట్టంలో లోడు తొట్టి దాటి బయటికొస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది. పరిమితి దాటిన బరువుకీ 20,000, పైగా అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఇవి కట్టే పరిస్థితి వస్తే నెల సంపాదన ఒక్క చెక్‌పోస్టులో పోయినట్టే. వ్యవసాయం పేరుతో పన్ను మినహాయింపు పొందిన ట్రాక్టరుతో కిరాయికి ఇనుము తోలడం ఇంకో ఇరకాటం. పట్టుబడితే జరిమానా సరే, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న ‘అది ఏ పని మీద వెళ్తోంది’ అనే. ట్రక్కుకు కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతి ట్రాక్టరు యజమానుల్లో చాలామందికి ఆ రోజే తెలుస్తుంది.

కాటా దగ్గర జాగ్రత్తలు పాతవే, అయినా చెప్పుకోవాలి. వేబ్రిడ్జి మీద లోడుతో ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి తూస్తారు. ఆ తేడా సరుకు బరువు. మొదటిసారి డ్రైవరు దిగి, రెండోసారి బండిలోనే కూర్చుంటే అరవై, డెబ్బై కిలోల సరుకు గల్లంతు. రెండు తూకాల మధ్య డీజిలు కొట్టించినా అంతే. అందుకే తెలిసినవాళ్లు గోడౌన్‌ గేటు లోపలి కాటాకి వెళ్లేముందు దారిలో బయటి కాటా మీద ఒకసారి ఎక్కిస్తారు. ఆ చీటీకి యాభై, వంద పోయినా, జేబులో చీటీ ఉన్న మనిషితో మాట్లాడే తీరే వేరు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూసే హక్కు అమ్మేవాళ్లకు ఉంది. ఆ హక్కు వాడుకున్నవాళ్లకు మర్నాడు అదే గోడౌన్‌లో ఎలాంటి స్వాగతం దొరుకుతుందన్నది వేరే ప్రశ్న.

చోరీ సొత్తు భయం ఈ వృత్తిని నీడలా వెన్నాడుతుంది. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి చుట్టలు ఎత్తుకుపోవడం రెండు రాష్ట్రాల రైతులకూ తెలిసిన గోసే. మడిలో నీళ్లు ఆగిపోయిన రైతు మొదట అనుమానించేది ఊళ్లో తిరిగిన ఇనుప సామాన్ల బండినే. విద్యుత్ చట్టం 2003 కరెంటు సామగ్రి దొంగతనాన్నే కాదు, అది దొంగసొత్తని తెలిసి కొనడాన్నీ విడిగా నేరం చేసింది. రైల్వే సొత్తుకు 1966 నుంచే వేరే చట్టం ఉంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగసొత్తు పుచ్చుకోవడం 317వ సెక్షను. పోలీసులు వచ్చినప్పుడు ఎవరి దగ్గర కొన్నారో చెప్పలేని చిన్న వ్యాపారి నిజంగా తెలియక కొన్నా నిరూపించుకోలేడు. అమ్మినవాళ్ల ఫోన్ నంబరు, సామాను ఫొటో రాసిపెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఈ అలవాటు ఎంతమందికి అబ్బింది?

పన్నుల దారి కూడా మెల్లగా బిగుస్తోంది. ఇనుప తుక్కు మీద జీఎస్టీ 18 శాతం. 2024 అక్టోబరు 10 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మనిషి దగ్గర లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే ఆ పన్ను ముందు కట్టాలి, తర్వాత సర్దుబాటు చేసుకోవాలి. కాగితం మీద ఏస్‌ మనిషికి భారం లేదు. కానీ గోడౌన్‌లో ఇరుక్కునే ఆ 18 శాతం పెట్టుబడి బరువు ఎక్కడ దిగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు, కొనే ధరలో అర్ధరూపాయి, రూపాయి రూపంలో దిగుతుంది. మరో రెండు అంకెలు గమనించదగినవి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం కావాలి. 700 కిలోల ఏస్ లోడు విలువ 21,000 కాబట్టి దానికి ఆ గొడవ లేదు, నాలుగు టన్నుల ట్రక్కు 1,20,000తో ఆ గీత దాటేస్తుంది. చిన్న బండి నిలబడటానికి పెట్టుబడి కొరతతో పాటు ఇదీ ఒక కారణం. రెండోది, ఒకే మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే కొన్న వ్యాపారి ఆదాయపు పన్నులో దాన్ని ఖర్చుగా చూపుకోలేడు. అందుకే ఈ మధ్య గోడౌన్లలో సగం నోట్లు, సగం ఫోన్‌పే.

పెద్ద సరుకు మాత్రం ఈ గొలుసు మొత్తాన్ని దాటేసి పోతోంది. ఆర్టీసీ పాత బస్సులు, రైల్వే తుక్కు, కరెంటు సంస్థల సామగ్రి కేంద్ర ప్రభుత్వ వేలం సంస్థ ఎంఎస్‌టీసీ లాంటి వేదికల్లో ఇ-వేలానికి వెళ్తాయి. డిపాజిట్ కట్టగలిగినవాళ్లకే ప్రవేశం. 2021 వాహన తుక్కు విధానం తర్వాత బండ్లను ముక్కలు చేయడానికి రిజిస్టర్ అయిన కేంద్రాలు వస్తున్నాయి, 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు అటే వెళ్లాలి. ఆయిలు నేలలోకి ఇంకకుండా తీయడం, దొంగ బండ్లు ఛాసిస్ నంబరు చెరిపి మాయం కాకుండా చూడటం వాటివల్ల వచ్చే మేలు. మోపెడ్ అయినా, కారయినా సొంతదారు అక్కడికి తీసుకెళ్తాడా, ఎవరైనా ఇంటి ముందుకొచ్చి రొక్కం ఇస్తే ఇచ్చేస్తాడా అన్నది మాత్రం ఇంటి ముందుకొచ్చే బండి మీదే ఆధారపడి ఉంది. మైకు ఆటోకి ఉన్న అసలు బలం అదే, అది గుమ్మం దాకా వస్తుంది.

ఇంతా చేసి మంచి ధర పలికేది కిలోల్లో అమ్మనిదానికే. పాత ఇల్లు పడగొట్టే కంట్రాక్టరు స్లాబు పగలగొట్టి తీసిన కడ్డీల్లో వంకరవి తుక్కులోకి తోస్తాడు, తిన్నగా చేయగలిగినవి పాత సామాన్ల షాపుకి పంపుతాడు. అవి ప్రహరీ గోడకో పశువుల పాకకో తుక్కు ధర మీద కిలోకి కొన్ని రూపాయలు ఎక్కువగా పోతాయి. వాటితో భవనం స్తంభాలు వేయకూడదు, ఒకసారి వంచి మళ్లీ చాపిన కడ్డీకి మునుపటి బలం ఉండదు. గేటు, కిటికీ గ్రిల్లు, షెడ్డు యాంగ్యులర్లు, నీళ్ల ట్యాంకు స్టాండు, ఇంకా పనిచేసే గేర్‌బాక్సు వీటన్నిటికీ తూకం ధర ఒకటి, వస్తువు ధర ఒకటి. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల పాత బండి ముక్కలయ్యేది ముందు విడిభాగాల కోసం, మిగిలింది మాత్రమే ఇనుము కింద.

ఊళ్ల నుంచి పట్నానికి లోడుతో వెళ్లి ఖాళీగా తిరిగొచ్చే ఆ 45 కిలోమీటర్ల మీద తెలివైనవాళ్ల కన్ను పడేది ఇక్కడే. పొద్దున మోటార్లు, రేకులు దించిన ఏస్‌లోకి సాయంత్రం పాత సామాన్ల షాపు నుంచి రెండు గేట్లు, ఒక షట్టరు, నాలుగు టేకు తలుపులు ఎక్కుతాయి. మర్నాడు మైకులో రికార్డు మారదు, ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అనే అరుస్తుంది. బండి మాత్రం దొడ్డి కట్టుకుంటున్న ఇంటి ముందు ఆగి, తొట్టి డోరు దించి, గేటు కొలత ఎంతో చెప్పమని అడుగుతుంది.